ఓటును నమ్ముకున్న ఇంజనీరు: తొంభై ఏళ్లు నిండిన క్వావ్‌తేమోక్ కార్దెనాస్‌కు అభినందన

2024 మే 1. లోకమంతా ఎర్రజెండా ఎగరేసుకునే రోజు. ఆ రోజున మెక్సికో వామపక్ష ఉద్యమంలో పెద్దదిక్కు అయిన క్వావ్‌తేమోక్ కార్దెనాస్‌కు తొంభై ఏళ్లు నిండాయి. వెయ్యి పున్నములు చూసిన మనిషిని కూర్చోబెట్టి సహస్ర చంద్రదర్శనం చేయడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ లెక్క ఆయన ఎప్పుడో దాటేశారు. మే డే నాడు పుట్టి, బతుకంతా శ్రమజీవుల పక్షాన నిలబడిన ఈ పెద్దాయనకు తెలుగు నేల నుంచి నిండు మనసుతో నమస్కారం.

ఎక్కడి మెక్సికో, ఎక్కడి మనం అని ఎవరైనా అడగవచ్చు. మన పచ్చళ్లకు ప్రాణం పోసే మిరప, మన చేలల్లో కంకులు వేసే మొక్కజొన్న, రెండూ ఆ నేల మీద ఆదివాసులు తొలుత సాగుచేసిన పంటలే. తెనాలి ప్రాంతంలో ఆవుల గోపాలకృష్ణమూర్తి, త్రిపురనేని గోపీచంద్ వంటి వారిని ఆలోచింపజేసిన ఎం.ఎన్. రాయ్, 1919లో మెక్సికో కమ్యూనిస్టు పార్టీ పుట్టుకలో ముందు వరుసలో ఉన్నాడు. ఆ దేశం మనకు పరాయిది కాదు. దున్నేవాడికి భూమి కోసం, వేసిన ఓటుకు విలువ కోసం అక్కడ సాగిన పోరాటం మనకు కొత్తదీ కాదు.

కార్దెనాస్ మూడుసార్లు దేశాధ్యక్ష పదవికి పోటీచేశారు. మూడుసార్లూ ఆ పదవి ఆయనకు దక్కలేదు. అయినా ఆయన పేరు తీయకుండా గత నలభై ఏళ్ల మెక్సికో చరిత్ర ఎవరూ రాయలేరు. పెట్టెలో పడిన ఓటును పడినట్టే లెక్కపెట్టాలి అనే ఒక్క మాటను పట్టుకుని, అధికారం చేతికి అందకపోయినా, తోటివాళ్లను కోల్పోయినా, దాన్ని వదలని మనిషి ఆయన. ఈ అభినందన ఆ పట్టుదలకు.

ఆయన పేరులోనే ఒక చరిత్ర ఉంది. స్పెయిన్ సైన్యాన్ని ఎదిరించి నిలిచిన ఆఖరి అజ్టెక్ రాజు పేరు క్వావ్‌తేమోక్. కిందికి వాలుతున్న గద్ద అని దాని అర్థం. 1521లో రాజధాని పడిపోయాక, దాచిన బంగారం చూపించమని ఆ రాజు పాదాలు కాల్చి చిత్రహింసలు పెట్టారు, 1525లో ఉరితీశారు. ఓడినా తలవంచనివాడిగా మెక్సికో ప్రజలు ఈనాటికీ ఆయనను తలుచుకుంటారు. 1934లో మెక్సికో నగరంలో పుట్టిన కొడుక్కి ఆ పేరు పెట్టుకున్న తండ్రి లాసరో కార్దెనాస్, అదే ఏడాది చివర్లో దేశాధ్యక్షుడయ్యారు.

లాసరో పాలన ఆరేళ్లే. ఆ ఆరేళ్లలో దాదాపు కోటీ ఎనభై లక్షల హెక్టార్ల భూమి, మన లెక్కలో సుమారు నాలుగున్నర కోట్ల ఎకరాలు, రైతుల చేతికి వచ్చింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో చెదిరిపోయిన వేలమందికి మెక్సికో ఆశ్రయమిచ్చింది. ఎక్కడా చోటు దొరకని రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీకి కూడా తలుపు తెరిచింది. 1938 మార్చి 18న విదేశీ చమురు కంపెనీలను జాతీయం చేస్తున్నట్టు లాసరో రేడియోలో ప్రకటించారు. ఆ కంపెనీలకు పరిహారం కట్టాలి, ఖజానాలో అంత డబ్బు లేదు. అప్పుడు జరిగింది మెక్సికోలో తాతలు మనవలకు చెప్పే కథ. ఏప్రిల్‌లో రాజధానిలోని లలితకళా భవనం ముందు ఆడవాళ్లు బారులు తీరారు. డబ్బున్నవాళ్లు నగలు తెచ్చారు. లేనివాళ్లు వేలి ఉంగరం తీసి ఇచ్చారు. అదీ లేని పల్లె తల్లులు ఇంట్లో పెంచుకున్న కోడిని చంకన పెట్టుకొచ్చి ఇచ్చారు. ఆ కానుకలు అందుకున్నవారిలో ముందున్నది లాసరో భార్య అమాలియా సొలోర్సనో, మన కథానాయకుడి కన్నతల్లి. ఆ పిల్లవాడికి అప్పటికి నాలుగేళ్లు నిండలేదు.

కోళ్లూ ఉంగరాలతో కంపెనీల బాకీ తీరదు. ఆ సంగతి ఇచ్చినవాళ్లకూ తెలుసు. ఈ చమురు మనది, ఈ ప్రభుత్వం మనది అని చాటడానికే వాళ్లు వచ్చారు. ఆ మాట వింటూ పెరిగినవాడు కార్దెనాస్.

లాసరోను అక్కడి పల్లె జనం 'తాతా లాసరో' అని పిలిచేవారు. మిచొవాకాన్ ప్రాంతపు పురెపెచా ఆదివాసుల నోట 'తాతా' అంటే తండ్రి, పెద్దాయన. పలుకు మన తాత లాంటిదే, ఆప్యాయత కూడా మనదే. అంతటి తండ్రికి కొడుకుగా పుట్టడం వరం, బరువు కూడా. చెట్టంత పేరు నీడలో మొక్క ఎదగడం కష్టం. కార్దెనాస్ ఆ నీడలో విశ్రాంతి తీసుకోలేదు. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి 1957లో పట్టా పుచ్చుకున్నారు. యూరప్‌లో మరికొంత నేర్చుకుని వచ్చి, బాల్సాస్ నదీ పరీవాహక ప్రాంతంలో పనిచేశారు. వెనకబడిన ఆ ప్రాంతంలో ఆనకట్టలు, ఉక్కు కర్మాగారం తేవాలన్నది తండ్రి కన్న కల. దాన్ని నేల మీదికి దించే పనిలో కొడుకు చేయి కలిపాడు. అందుకే మెక్సికోలో ఈనాటికీ ఆయనను జనం 'ఇంజనీరు గారు' అనే పిలుస్తారు. నాయకుడనో, గవర్నరనో కాదు.

1961లో జాతీయ విమోచనోద్యమంలో యువకుడిగా పాల్గొన్నారు. 1976లో సెనేటరయ్యారు, ఆ తర్వాత అడవుల శాఖ ఉపమంత్రిగా పనిచేశారు. 1980 నుంచి 1986 వరకు మిచొవాకాన్ గవర్నరుగా ఉన్నారు. మెక్సికోలో గవర్నరంటే ఢిల్లీ నుంచి పంపినట్టు పంపే పదవి కాదు, మన ముఖ్యమంత్రిలా ఎన్నికై రాష్ట్రాన్ని నడిపే పదవి. అక్కడికి ఆగిపోయినా ఆయనది మంచి జీవితమే అయ్యేది. గౌరవం ఉంది, పదవి ఉంది, తండ్రి పేరు ఉంది, చేతిలో అధికార పార్టీ ఉంది.

ఆ పార్టీ సంగతి కొంచెం చెప్పాలి. 1929లో పుట్టి, పేర్లు మార్చుకుంటూ పి.ఆర్.ఐ.గా స్థిరపడిన ఆ పార్టీయే 71 ఏళ్లు దేశాన్ని ఏలింది. ఆరేళ్లకోసారి ఎన్నికలు జరిగేవి. కానీ తర్వాతి అధ్యక్షుడు ఎవరన్నది ఉన్న అధ్యక్షుడే తేల్చేవాడు. దీన్ని అక్కడ 'దెదాసో' అంటారు, వేలు చూపించి ఎంచడం అని. వేలు ఎటు చూపితే గెలుపు అటు. జనం ఓటు ఆ తర్వాతి తంతు మాత్రమే. 1982 అప్పుల సంక్షోభం తర్వాత బతుకు భారమైంది. 1985 సెప్టెంబరు 19న భూకంపం రాజధానిని కుదిపేసి వేలమందిని పొట్టన పెట్టుకుంది. సర్కారు వచ్చేలోపే ఇరుగుపొరుగు కలిసి శిథిలాలు తవ్వి మనుషులను బయటికి తీశారు. 1987లో ధరలు ఒక్క ఏడాదిలో రెట్టింపుకు మించి పెరిగాయి. జనం ఓపిక అంచుకు వచ్చింది.

ఆ రోజుల్లోనే, 1986లో, కార్దెనాస్, పోర్ఫీరియో మున్యోస్ లేదో, ఆర్థికవేత్త ఇఫిహేనియా మార్తీనెస్ తదితరులు పార్టీలోపల 'ప్రజాస్వామ్య ధార' అనే బృందం కట్టారు. వాళ్లు అడిగింది పెద్ద విప్లవమేమీ కాదు. అభ్యర్థిని పార్టీ సభ్యులు ఎన్నుకోనివ్వండి, పేదవాడి నెత్తిన అప్పుల భారం వేయకండి అన్నారు. పార్టీ వినలేదు. 1987 అక్టోబరులో అధ్యక్షుడి వేలు కార్లోస్ సలీనాస్ వైపు చూపింది. అదే నెలలో కార్దెనాస్ గడప దాటి, ఒక చిన్న పార్టీ అభ్యర్థిగా అధ్యక్ష పోటీకి దిగారు. తండ్రి ఏలిన పార్టీని, తన పుట్టిల్లు లాంటి పార్టీని కాదని బయటికి రావడానికి ఎంత గుండె కావాలి! ఆయన వెంట అప్పుడు ఉన్నవి నాలుగైదు చిన్న పార్టీలు, ఒక పేరు, అంతే.

1988 ఫిబ్రవరిలో ఆయన లా లగూనా వెళ్లారు. పత్తి పండే మెట్ట ప్రాంతం అది. 1936లో తండ్రి అక్కడి పెద్ద ఎస్టేట్లను పంచి కూలీలను రైతులను చేశారు. యాభై ఏళ్ల తర్వాత కొడుకు వస్తున్నాడంటే ఊళ్లకు ఊళ్లు రోడ్డు మీదికి వచ్చాయి. ముసలి రైతులు తండ్రి ఇచ్చిన భూమి గురించి చెప్పుకుని కంటతడి పెట్టారు. ప్రచారంలో ప్రతి ఊళ్లోనూ జనం ఆయన చేతిలో చీటీలు, ఉత్తరాలు పెట్టేవారు. నోటుపుస్తకం చించిన కాగితాల మీద, చేయి తిరగని అక్షరాలతో. నీళ్లు లేవని, అప్పు తీరలేదని, మా ఓటు నీకేనని. ఆ ఉత్తరాలను చరిత్రకారుడు అదోల్ఫో హిల్లీ సేకరించి 1989లో పుస్తకంగా తెచ్చాడు. ఒక నాయకుడికి ఇంతకన్నా విలువైన సన్మానపత్రం ఏముంటుంది? మే నెలలో జాతీయ విశ్వవిద్యాలయం ఆవరణ విద్యార్థులతో నిండిపోయింది. ఆ పిమ్మట, ఎన్నికలకు నెల రోజుల ముందు, సోషలిస్టు పార్టీ అభ్యర్థి హెబెర్తో కాస్తియో తన పోటీ విరమించుకుని కార్దెనాస్‌కు మద్దతు పలికాడు. ఆయనా ఇంజనీరే, 1968 విద్యార్థి ఉద్యమంలో నిలిచి జైలుకెళ్లినవాడు. ఆ త్యాగం కూడా ఈ రోజున తలుచుకోదగినదే.

1988 జులై 2న, పోలింగుకు నాలుగు రోజుల ముందు, కార్దెనాస్ ఎన్నికల పర్యవేక్షణ చూస్తున్న ఫ్రాన్సిస్కో హవియేర్ ఒవాందోను, ఆయన సహచరుడు రోమన్ హీల్‌ను రాజధానిలో కాల్చి చంపారు. జులై 6న జనం ఓట్లేశారు. రాత్రి లెక్కలు మొదలయ్యాయి, మొదటి అంకెలు ప్రతిపక్షం వైపు మొగ్గుతున్నాయి. అంతలో లెక్కల కంప్యూటర్ వ్యవస్థ ఆగిపోయిందన్నారు. 'వ్యవస్థ పడిపోయింది' అన్న ఆ మాట మెక్సికోలో ఇప్పటికీ సామెతలా నడుస్తోంది. అప్పట్లో ఎన్నికలు నడిపేది హోంమంత్రే. అదే రాత్రి ముగ్గురు ప్రత్యర్థులు కలిసి ఆ కార్యాలయానికి నడిచారు. ఎడమ వైపు నుంచి కార్దెనాస్, కుడి వైపు నుంచి మాన్యుయేల్ క్లౌతియేర్, వారితో రోసారియో ఇబార్రా. కనిపించకుండా పోయిన కొడుకు కోసం 1975 నుంచి వెతుకుతున్న తల్లి ఆమె. సిద్ధాంతాలు కలవని ముగ్గురు ఓటు కోసం ఒక్క కాగితం మీద సంతకాలు పెట్టారు.

అధికారిక లెక్కలో సలీనాస్‌కు 50 శాతం పైగా, కార్దెనాస్‌కు 31 శాతం ఓట్లు వచ్చాయి. ఆ లెక్కలోనే రాజధాని మెక్సికో నగరం, మిచొవాకాన్, మోరెలోస్, మెక్సికో రాష్ట్రం, బాహా కాలిఫోర్నియా కార్దెనాస్‌వి. మిగతా చోట్ల ఏం జరిగిందో తేల్చడానికి పెట్టెలు తెరవమని అడిగితే తెరవలేదు. కొన్నేళ్లకు ఆ బ్యాలెట్లను తగలబెట్టారు.

పది రోజుల తర్వాత రాజధాని నడిబొడ్డున సోకలో మైదానం జనసముద్రమైంది. ఎదురుగా అధ్యక్ష భవనం. పదండి అంటే చాలు, ఆ జనం ఆ తలుపులు బద్దలు కొట్టేవాళ్లే. కార్దెనాస్ ఆ మాట అనలేదు. శాంతంగా, చట్టం ప్రకారం, సంఘటితంగా పోరాడదామన్నారు. ఆ రోజు ఆయన తెగించి ఉంటే బాగుండేదని ఈనాటికీ వాదించేవారు ఉన్నారు. కాల్పులు మొదలైతే ముందు పడేది తనను నమ్మి వచ్చిన పేదవాడేనని ఆయనకు తెలుసు. తన గెలుపు కన్నా ఆ ప్రాణం ఎక్కువ అనుకున్నారు. నాయకత్వమంటే అదేనని నేను మనసారా నమ్ముతాను.

ఆయన చేతులు ముడుచుకుని ఇంట్లో కూర్చోలేదు. 1989 మే 5న ప్రజాస్వామ్య విప్లవ పార్టీ, పి.ఆర్.డి., పుట్టింది. ఆయన దాని తొలి అధ్యక్షుడు. అధికార పార్టీ నుంచి వచ్చినవాళ్లు, కమ్యూనిస్టులు, భూకంప బాధితుల సంఘాలు, రైతులు అందులో కలిశారు. ఆ తర్వాతి ఏళ్లలో ఆ పార్టీ కార్యకర్తలు పల్లెపల్లెనా హత్యకు గురయ్యారు. వందలమంది. ఆ పాడెలు మోస్తూ కూడా ఆయన కత్తికి కత్తి అనలేదు. 1994లో చియాపాస్ ఆదివాసులు ఆయుధం పట్టినప్పుడు, ఆ అడవుల్లోకి వెళ్లి జపటిస్టులనే ఆ తిరుగుబాటుదారులతో కూర్చుని మాట్లాడారు. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో మూడో స్థానానికి పడిపోయారు. చాలామంది ఆయన పని అయిపోయిందని రాసేశారు.

1997 జులై 6 వచ్చింది. తేదీ గమనించండి. కంప్యూటర్లు ఆగిన రాత్రికి సరిగ్గా తొమ్మిదేళ్లు. 1928 నుంచి మెక్సికో నగరాన్ని అధ్యక్షుడు నియమించిన అధికారే ఏలుతూ వచ్చాడు. కోటికి దగ్గర జనాభా ఉన్న మహానగరానికి తన పెద్దను తాను ఎన్నుకునే హక్కు లేదు. ఆ హక్కు తిరిగి దక్కిన తొలి ఎన్నికలో, దాదాపు 48 శాతం ఓట్లతో, జనం కార్దెనాస్‌ను గెలిపించారు. ఈసారి లెక్క ఆగలేదు. 1988 తర్వాత దేశమంతా పోరాడి సాధించుకున్న స్వతంత్ర ఎన్నికల సంస్థ ఆ ఓట్లు లెక్కపెట్టింది. అదే రోజు దేశ దిగువ సభలోనూ పి.ఆర్.ఐ. మొదటిసారి మెజారిటీ కోల్పోయింది.

1999లో అధ్యక్ష పోటీ కోసం ఆయన దిగిపోయాక, ఆ పదవిలో కూర్చున్న రోసారియో రోబ్లెస్ నగరాన్ని ఏలిన తొలి మహిళ. అప్పటి నుంచి ఇప్పటివరకు ఆ నగర ప్రజలు తమ నగర పెద్దను ఎన్నుకున్న ప్రతిసారీ వామపక్షానికే పట్టం కట్టారు. 2000 అధ్యక్ష ఎన్నికల్లో కార్దెనాస్ మళ్లీ మూడో స్థానంలో నిలిచారు. గెలిచింది మితవాద విసెంతె ఫాక్స్. అయినా 71 ఏళ్ల ఏకపార్టీ పాలన ఓటుతోనే కూలింది. ఆ పంట కోసినవాడు వేరే కావచ్చు. బీడు దున్నినవారిలో ముందున్నది ఎవరో మెక్సికో రైతుకు తెలుసు.

ఆయన వ్యక్తిత్వం గురించి ఒక మాట. మాటలతో సభను ఊపేసే వక్త కాదు. ముఖంలో నవ్వు అరుదు, గొంతు నెమ్మది. ప్రచార నిపుణులు దీన్ని లోపమన్నారు. ఆ నెమ్మదితనంలోనే జనం నిజాయతీని చూశారు. 2013లో చమురు రంగాన్ని ప్రైవేటుకు తెరిచే సంస్కరణ వచ్చినప్పుడు, ఎనభై ఏళ్ల వయసు మీద పడుతుండగా ఆయన వీధికెక్కారు, జనాభిప్రాయ సేకరణ కోసం సంతకాలు పోగుచేయించారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తల్లి అందుకున్న ఆ కోళ్లను, ఉంగరాలను ఆయన మరిచిపోలేదు.

2014 సెప్టెంబరులో ఇగ్వాలా పట్టణంలో అయొట్సినాపా టీచర్ ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు 43 మంది మాయమయ్యారు. ఆ పట్టణ మేయరు పి.ఆర్.డి. మనిషే. తాను కని పెంచిన పార్టీ దారితప్పిందని, దాన్ని సరిదిద్దే విషయంలో నాయకత్వంతో పొత్తు కుదరలేదని తేలాక, నవంబరు 25న కార్దెనాస్ రాజీనామా చేసి బయటికి వచ్చారు. పుట్టిన పార్టీని ఒకసారి, పుట్టించిన పార్టీని ఒకసారి, రెండింటినీ సూత్రం కోసమే వదిలారు. అధికారం కోసం పార్టీలు మారేవాళ్లను రోజూ చూసే మనకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాల్సిన పనిలేదు.

2011లో మెక్సికో సెనేట్ ఆయనకు బెలిసారియో దొమీంగెస్ పతకం ఇచ్చింది. నియంత ముందు నిజం మాట్లాడి 1913లో హత్యకు గురైన సెనేటర్ పేరిట ఇచ్చే గౌరవం అది. అంతకన్నా పెద్ద గౌరవం ఆయన నాటిన మొక్కలు. 2018లో దేశాధ్యక్షుడిగా గెలిచిన ఆంద్రేస్ మాన్యుయేల్ లోపెస్ ఒబ్రదోర్ 1988లో తబాస్కోలో కార్దెనాస్ కూటమి తరఫునే గవర్నరుగా పోటీచేసిన యువకుడు. 2024లో అధ్యక్ష పోటీలో నిలిచిన క్లౌదియా షేన్‌బామ్ 1980ల చివరి విద్యార్థి ఉద్యమంలో నుంచి వచ్చిన మనిషి. తన వారు గద్దెనెక్కినా కార్దెనాస్ భజన చేయలేదు, తనకు తోచిన విమర్శ తాను చేస్తూనే ఉన్నారు. పెద్దరికం అంటే అదే కదా!

పిల్లలు దండం పెడితే పెద్దలు ఆశీర్వదించడం మన పద్ధతి. ఈ రోజున మనమే ఆ పెద్దాయనకు దండం పెడదాం. ఇంజనీరు గారూ, మీరు నిండు నూరేళ్లు చల్లగా ఉండండి. మీ భార్య సెలెస్తె గారు, మీ పిల్లలు, మనవలు మీ చుట్టూ చేరి ఈ పండుగ చేసుకోవాలి. ఓటు అమ్ముకోవద్దని మా ఊళ్లలో పిల్లలకు చెప్పేటప్పుడు మీ పేరు కూడా చెబుతాం.

2024 జూన్ 2న మెక్సికో మళ్లీ ఓటేసింది. ప్రధాన పోటీ ఇద్దరు మహిళల మధ్య జరిగింది. పోలింగు కేంద్రాల్లో కూర్చునేది లాటరీ తీసి ఎంచిన మామూలు పౌరులు. సాయంత్రం పెట్టెలు అక్కడే తెరుస్తారు, ఓట్లు అక్కడే లెక్కపెడతారు, ఫలితం రాసిన కాగితం ఆ కేంద్రం గోడకే అంటిస్తారు. 1988 జులై 6 రాత్రి కార్దెనాస్ అడిగింది ఇంతే.